నూటికి నూరు కావాలంట మా మరిదికి

మార్కాపురం అక్కా, మోకాళ్ళు ఎట్ల ఉండాయి? కంభం కోడలా, దగ్గు తగ్గిందా? గిద్దలూరు బావా, షుగర్ చూపించుకున్నావా? నాకేం, దిగులు తప్ప అంతా బాగే.

ఈ పొద్దు పశువుల డాక్టరు, ఉన్నట్టుండి గొర్రెలను చంపే చిటుకు రోగం రాకుండా గొర్రెలకు సూదులు వేసేదానికి మా ఊరికొచ్చినాడు. మా మరిది మాత్రం మందను దొడ్లోంచి కదిలియ్యలా.

"నిరుడు సూది వేయించినా ఒక పిల్ల చచ్చిపాయ వదినా. నూటికి నూరు పనిచేసే మందొస్తే అప్పుడు చూద్దాంలే" అన్నాడు. చొక్కాకు ఐదు గుండీలుంటే రెండే పెట్టుకునే మనిషి!

"కుక్క ఉండంగనే తోడేలు ఒక పిల్లను ఎత్తకపాయ గదా. మరి ఆ కుక్కను గూడా తోలెయ్ నాయనా" అన్నా.

"అది లేకుంటే మందంతా పోతాది వదినా!"

"సూది లేకున్నా అంతే గదా?"

అప్పుడు లేచి దొడ్డి తలుపు తీసినాడు. ఆయనకు తెలివొచ్చేసరికి డాక్టరు పక్కూరికి వెళ్ళిపోయినాడు. ఫోన్ చేసి నేనే బతిమాలుకున్నా.

మీ ఇండ్లల్లో గూడా ఇట్లాంటి నూటికి నూరు మనుషులు ఉండారా? ఉంటే చెప్పండి, నాకు కొంచెం ధైర్యంగా ఉంటాది. ఏ గొర్రె పక్కకు ఒరిగినా పోయి తట్టి చూస్తుండా. డాక్టరు బేస్తవారం పొద్దున్నే వస్తానన్నాడు.