సెల్వి తొడలోని షెల్ ముక్కలు

ఆ రోజు బట్టల బుట్టతో మెట్లెక్కుతూ సెల్వి మధ్యలోనే కూర్చుండిపోయింది. ఎడమ తొడ పట్టుకుని, "ఏమీ లేదక్కా" అంది. నుదురు తాకి చూస్తే కాలిపోతోంది.

గల్ఫ్‌లో, ముఐథర్ అనే చోట ఇద్దరం ఒకే ఇంట్లో పనిచేస్తాం. నాది వంట, తనది పిల్లల పని. నాది కుప్పం వైపు, తనది శ్రీలంక ఉత్తర భాగం. నాకు తమిళం వచ్చు కాబట్టి మొదటి రోజే అక్కనైపోయాను. ఆ ఇంటి యజమానురాలు, మా మేడమ్, ఆస్పత్రికి పంపితే తోడు వెళ్లాను.

డాక్టరమ్మ మలయాళీ. ఎక్స్‌రేలో తొడ ఎముక పక్కన తెల్లటి మచ్చలు కనిపించాయి. "ఇది మెటల్. ఎంఆర్ఐ తీయకూడదు. ఎప్పటిది?" అని తమిళంలో అడిగింది.

సెల్వి నా వైపు తిరిగి చెప్పింది. "యుద్ధంలో పేలిన షెల్ ముక్కలక్కా. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. పోరాట దళం వాళ్లు ఇంటికొచ్చి లాక్కెళ్లి, జుట్టు కత్తిరించి, తుపాకి ఇచ్చారు." వెంటనే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మేడమ్‌కి చెప్పొద్దు. ఇంక నా చేతికి పిల్లల్నిస్తుందా?"

"నాకు కావాల్సింది గాయం సంగతే. మిగతాది ఎవరికి చెప్పాలో నీ ఇష్టం" అంది డాక్టరమ్మ.

లోపల చీము పట్టింది. ఆపరేషన్ చేసి ఒక ముక్క తీశారు. మిగిలినవి లోతుగా ఉన్నాయని, కదిలిస్తే నరానికి ప్రమాదమని వదిలేశారు. యాంటీబయాటిక్స్‌తో జ్వరం దిగింది. గండం గడిచిందనుకున్నాను.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం మాత్ర ఇద్దామని భుజం తట్టి లేపాను. నా మణికట్టు మెలిపెట్టి గోడకు అదిమేసింది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం నా మీద లేదు. తేరుకున్నాక ఒకటే ఏడుపు.

నాతో ఉండి తనకు తెలుగు కాస్త అబ్బింది. "కొడితివిలే. ఈ మణికట్టు వాపు తగ్గేదాకా చపాతీపిండి నువ్వే పిసకల్ల" అన్నాను. ఏడుస్తూనే నవ్వింది.

ఈ సంగతి చెబితే డాక్టరమ్మ సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపింది. "దీన్ని పీటీఎస్‌డీ అంటారు. పాత భయం మనసులో మిగిలిపోవడం, పిచ్చి కాదు. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి" అన్నాడాయన ఇంగ్లీషూ హిందీ కలిపి. నేను తమిళంలో చెబితే, సెల్వి ఆ చివరి మాట మళ్లీ చెప్పమంది. చెప్పాను.

ఆ వారమే మేడమ్‌కి తనే చెప్పేసింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. మేడమ్ చిన్నపాపను తెచ్చి సెల్వి ఒళ్లో కూర్చోబెట్టి, "యల్లా, కానివ్వు, దీనికి అన్నం పెట్టు. నా చేత తినడం లేదు" అంది.

ఇప్పుడు సెల్వి కొంచెం కుంటుతుంది. మందులు, కౌన్సెలింగ్ నడుస్తున్నాయి. పీడకలలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. నా రాగిసంగటికి వంకలు పెడుతూనే రెండో ముద్ద అడుగుతుంది.

మీ ఇంట్లోనో, మీ గదిలోనో నిద్రలో ఇలా ఉలిక్కిపడే మనిషి ఉంటే పట్టి లేపకండి. కాస్త దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవండి. ఆ కళ్లు మిమ్మల్ని గుర్తుపట్టాకే దగ్గరికి వెళ్లండి.