ఒకే పేరున్న ఇద్దరూ, నా ఎక్సెల్ షీటూ

ఎక్సెల్‌లో గడులకి రంగులు వేయడం వస్తే కంప్యూటర్ మొత్తం వచ్చేసినట్టేనని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. చిలకలూరిపేట దగ్గర హైవే పక్కనున్న ఒక స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో మొదటి ఉద్యోగం. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి జడనిండా దూది నుసి ఉండేది. "ఆఫీసుకెళ్ళావా, పరుపులు కుట్టడానికెళ్ళావా?" అని అమ్మ గుమ్మంలోనే దులిపేది. మిల్లులో నా పేరు ఎవరికీ పట్టలేదు, అందరికీ నేను కంప్యూటరమ్మాయిని. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలిచేవాళ్ళు, ఏసీలోంచి నీళ్ళు కారినా నన్నే పిలిచేవాళ్ళు (రెండూ కరెంటుతోనే నడుస్తాయి కదా అని వాళ్ళ ఉద్దేశం).

మిల్లు మెయిళ్ళన్నీ స్టోర్ గది పక్కన ముక్కుతూ మూలుగుతూ పనిచేసే ఒక పాత సర్వర్‌లో ఉండేవి. దాన్ని తీసేసి, అందరి మెయిళ్ళూ క్యాలెండర్లూ క్లౌడ్‌లోకి మార్చాలని హెడ్డాఫీసు వాళ్ళు నిర్ణయించారు. మార్చే పని బయటివాళ్ళది. మేమివ్వాల్సింది ఒక్క షీటు. ఎడమ కాలమ్‌లో పాత అడ్రసు, కుడి కాలమ్‌లో కొత్త అడ్రసు. ఎడమ పక్క ఉన్నవాళ్ళ సామానంతా కుడి పక్క ఉన్న కొత్త పెట్టెలోకి వెళ్ళిపోతుంది. పాత అడ్రసులు పదవుల పేర్లతో ఉండేవి, కొత్తవి మనుషుల పేర్లతో ఉండాలన్నారు. సత్తెనపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే మా సీనియర్ ఒకాయన ఉండేవాడు, ఆయన్ని అన్నయ్యా అనేదాన్ని. ఆయన ఆ పని నాకప్పగించి, "పేర్లు జాగ్రత్తమ్మా" అన్నాడు. నేను రెండు రోజులు కూర్చుని షీటు తయారుచేశాను. ఎడమ కాలమ్ లేత పసుపు, కుడి కాలమ్ లేత ఆకుపచ్చ.

"అంతా ఒకసారి చూసుకున్నావా?"

"రెండుసార్లు చూశానన్నయ్యా."

చూసిన మాట నిజమే. రంగులు చూశాను.

మిల్లులో ఒకే పేరూ, ఇంటిపేరుకి ఒకే మొదటి అక్షరమూ ఉన్నవాళ్ళు ఇద్దరుండేవాళ్ళు (పేరు రాయను, మా వైపు వీధికి నలుగురికి ఉండే పేరే). ఒకరు జీఎం గారు. నవ్వరు, కసరరు, క్యాలెండర్ మోగితే కుర్చీలోంచి లేస్తారు, మోగకపోతే లేవరు. రెండో ఆయన నూలు లారీలు పంపించే డిస్పాచ్ బాబాయ్. లారీలు తూకం వేసే వేబ్రిడ్జి దగ్గర నిలబడి ఫోన్లో ఆయన డ్రైవర్ని కేకేస్తే, ఆ డ్రైవర్ ఒంగోలులో ఉన్నా ఫోన్ లేకుండానే వినబడుతుందనేవాళ్ళు. పేరు ఒకటే కాబట్టి కొత్త అడ్రసులో ఒకరికి చివర రెండు అంకె తగిలించాలి. నేను పాత అడ్రసుల్ని ఇంగ్లీషు అక్షరాల వరుసలో పెట్టాను. డిస్పాచ్ ముందొచ్చింది, జీఎం తర్వాతొచ్చింది. ముందొచ్చిన వాళ్ళకి ఉత్త పేరు, తర్వాతొచ్చిన వాళ్ళకి రెండు. అన్నయ్య మాత్రం సోమవారం పొద్దున పాస్‌వర్డ్ చీటీలు పంచేటప్పుడు, షీటు చూసుకోకుండా ఎవరైనా చేసేదే చేశాడు. ఉత్త పేరు జీఎం గారికిచ్చి, రెండో నంబరు బాబాయ్‌కిచ్చాడు.

పాత మెయిళ్ళు రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. క్యాలెండర్లు మాత్రం అప్పటికే వచ్చేశాయి.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా జీఎం గారు మా గది గుమ్మంలో నిలబడ్డారు. అంతకుముందు ఆయన ఎప్పుడూ అటు రాలేదు.

"మా అత్తగారు పోయి తొమ్మిదేళ్ళయిందమ్మా," అన్నారు.

"అయ్యో, పాపం సార్," అన్నాను నేను లేచి నిలబడి.

ఆయన ఫోన్ నా ముందు పెట్టారు. 'అత్తగారి బీపీ మాత్రలు, మర్చిపోవద్దు' అని ఉంది. దాని కింద 'చీరాల లోడు', దాని కింద 'వెనక టైరు చూడాలి'. అన్నయ్య గబగబా నా షీటు తెరిచాడు, కిందికి జరిపాడు, ఒకచోట ఆగాడు. డిస్పాచ్ పక్కన ఉత్త పేరు, జీఎం పక్కన రెండు అంకె. జీఎం గారి సామాను బాబాయ్‌కీ, బాబాయ్ సామాను జీఎం గారికీ వెళ్ళిపోయాయి.

"తమిళనాడు నుంచి నూలు కొనేవాళ్ళు ఇవాళ వస్తున్నారు. మీటింగ్ ఎన్నింటికో నా ఫోన్లో లేదు," అన్నారు జీఎం గారు. ఆ బేరగాళ్ళు మాతో మానేద్దామనుకుంటున్నారని మిల్లంతటికీ తెలుసు. లోడు తడిసి వస్తోందని వాళ్ళ గొడవ. ఆ టైమెక్కడ మోగుతుందో నాకు వెలిగింది. మీటింగ్ గదికి పరిగెత్తాను.

లోపల డిస్పాచ్ బాబాయ్ ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఇంటికెళ్ళి మార్చుకొచ్చినట్టున్నారు, తెల్లచొక్కా, మడతలు ఇంకా విప్పుకోలేదు. తల తడిపి దువ్వుకున్నారు.

"రామ్మా. పదకొండుకి రమ్మని ఫోన్ మోగింది. చొక్కా బాగుందా?"

పొరపాటండీ, లేవండి అనాలి. నోరు తెరిచాను కూడా. "బాగుందండీ," అని వచ్చింది. ఇంతలో వెనక అడుగుల చప్పుడు. జీఎం గారూ, ముగ్గురు బేరగాళ్ళూ. జీఎం గారు బాబాయ్‌ని చూశారు, తర్వాత నన్ను చూశారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఆయన ఒక కుర్చీ లాగి, "కూర్చోండి," అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు గానీ అందరూ కూర్చున్నారు. నేను ప్రొజెక్టర్ పక్కన నిలబడ్డాను, అది ఆన్ చేయాలన్న సంగతి కూడా గుర్తులేదు.

బేరగాళ్ళలో పెద్దాయన ఇంగ్లీషులో మొదలుపెట్టి, కోపమొచ్చి, మధ్యలో తమిళంలోకి దిగారు. జీఎం గారికి తమిళం రాదు. బాబాయ్ గొంతు సవరించుకుని తమిళంలోనే జవాబిచ్చారు. పద్దెనిమిదేళ్ళు తమిళ డ్రైవర్లని తిట్టీ బతిమాలీ నేర్చుకున్న తమిళం అది. ఏ లారీ ఎక్కడ ఆగుతుందో, ఏ టార్పాలిన్‌కి ఏ మూల చిరుగుందో, కొత్తవి కొనమని తను ఎన్నిసార్లు అడిగారో, వేళ్ళు మడిచి చెప్పారు. పెద్దాయన మొదట ముఖం ముడుచుకున్నారు, తర్వాత టీ తీసుకున్నారు. వెళ్ళేటప్పుడు బాబాయ్ ఫోన్ నంబరు రాసుకున్నారు.

మధ్యాహ్నం జీఎం గారు నన్ను పిలిచారు. "షీటు సరిచేసి పంపండి."

"ఆయనకి నేనే చెప్తాను సార్, తప్పు నాదేనని."

"చెప్పండి. వచ్చే మీటింగ్‌కి ఆయన్ని నేనే పిలుస్తాను. మీరు పిలవొద్దు."

మర్నాడు వేబ్రిడ్జి దగ్గరికెళ్ళి, తల దించుకుని బాబాయ్‌కి అంతా చెప్పాను. ఆయన ఒక లారీని వెనక్కి రానిచ్చి, డ్రైవర్ని ఒక కేక వేసి, అప్పుడు నా వైపు తిరిగారు.

"నిన్న పొద్దున్నే తెలుసమ్మా నాకు. పళ్ళ డాక్టరు మోగాడు, కోయంబత్తూరు విమానం మోగింది. నేనెప్పుడు విమానమెక్కాను?"

"మరి ఎందుకెళ్ళారండీ?"

"ఇన్నేళ్ళుగా ఆ తలుపు ముందునుంచే పోతున్నాను. లోపల ఎన్ని కుర్చీలున్నాయో చూద్దామని."

"ఎన్నున్నాయి?"

"పన్నెండు. ఒకటి ఊగుతోంది. నాకదే దొరికింది."

ఇప్పుడు నేను వేరే ఊళ్ళో, వేల వరుసలుండే షీట్లు చేస్తాను. ఒకే పేరు ఇద్దరికి కనబడితే ఇద్దరికీ ఫోన్ చేసి కనుక్కుంటాను. రంగులు వేయను. తప్పులూ రావు, దాంతోపాటు ఎవరికైనా చెప్పదగ్గ కథలూ రావు. ఆ సోమవారం మధ్యాహ్నం ఆ రెండు అడ్రసుల్నీ తారుమారు చేసి సరిదిద్దేముందు, కీబోర్డు మీద చేతులు పెట్టి చాలాసేపు కూర్చుండిపోయాను. వరుసలు మళ్ళీ సరిచూసుకుంటున్నానని అన్నయ్యతో చెప్పాను, ఆయన నమ్మాడు. నిజానికి బాబాయ్‌కి తెల్లచొక్కా తొడిగించిన ఆ తప్పుని సరిదిద్దబుద్ధి కాలేదు. ఇరవై రెండేళ్ళ ఆ కంప్యూటరమ్మాయి ఎప్పుడైనా గుర్తొస్తే, దాని పని తీరుకి నవ్వుకుంటాను గానీ, ఆ కాసేపు ఆగినందుకు మాత్రం ఏమీ అనబుద్ధి కాదు.