కావలికారి కూతురు నిద్రపోయిన రోజు

1957. ఆ వానాకాలం ఫ్లూ జ్వరం ఖానాపూర్ దాకా వచ్చింది. నేను అక్కడి సర్కారు దవాఖానలో నర్సును. డాక్టరుగారు కూడా మంచమెక్కడంతో హోం విజిట్లు, అంటే ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసి రావడం, నా నెత్తిన పడ్డాయి.

అలా వెళ్ళిన ఓ ఇంట్లో లచ్చవ్వకు ఒళ్ళు కాలిపోతోంది. అయినా పడుకోకుండా గడపలో కూర్చుని ఉంది. భర్త కూలికి ఆదిలాబాద్ పోయాడు. ఇంట్లో ఉన్నది ఆమె తండ్రి రాజన్న, నిజాం కాలంలో ఊరి కావలికారు. ఆయనకు సెనైల్ డిమెన్షియా, వయసుతో మతి చెదిరిపోయే జబ్బు. ఏమరితే గస్తీకని బయలుదేరి అడవిలోకి పోతాడు. ఇదివరకు ఎవరో ఒకరు మళ్ళించి తెచ్చేవారు. ఫ్లూ భయంతో ఇప్పుడు అందరూ తలుపులు వేసుకున్నారు.

“జర పండు లచ్చవ్వా. జ్వరం రొమ్ముకు దిగితే పానం మీదికొస్తది.”

“నేను పంటె బాపును ఎవలు సూస్తరు నర్సమ్మా? కట్టేద్దామంటే చేతులు రాలే.”

తలుపులు మూసుకున్న ఊరి మీద ఒళ్ళు మండిపోయింది. జ్వరం మాత్రలు ఇచ్చి వచ్చేశాను.

మర్నాడు పొద్దున వెళ్తే రాజన్న గడపకు అడ్డంగా కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

“ఆగు! ఊర్ల గత్తరున్నది. పొలిమేర దాటనియ్య!”

గత్తరంటే కలరా. అది వచ్చినప్పుడు కావలికార్లు పొలిమేర కాసి ఎవరినీ ఇటు రానిచ్చేవారు కాదు, అటు పోనిచ్చేవారు కాదు. ఊళ్ళో రోగమన్న మాట చెవిన పడి, ఈయన గడపనే పొలిమేర చేసుకున్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

“శబాష్ కావలికారూ! బదులు మనిషి వచ్చేదాక గీ జాగ ఇడవొద్దని పోలీసు పటేలు హుకుం” అన్నాను. పచ్చి అబద్ధం. ప్రభువు క్షమించే ఉంటాడు.

మాత్రల పొట్లం ఆయనే తీసుకుని, విప్పి చూసి, లోపలికి అందించాడు. ఎదురింటి ఎల్లవ్వను ఆమె అరుగు మీంచే ఓ కన్నేసి ఉంచమన్నాను. ఇంట్లోకి రానక్కర్లేదనేసరికి వెంటనే ఒప్పుకుంది. లచ్చవ్వ ఎట్టకేలకు నడుం వాల్చింది.

సాయంత్రం వెళ్ళాను. “అంబలి గూడ ఆడనే తాగిండు, కదల్లే” అంది ఎల్లవ్వ. మా మాటలకు లచ్చవ్వ ఉలిక్కిపడి లేచి, “బాపు ఏడి?” అంటూ తూలుకుంటూ వచ్చింది.

రాజన్న వెనక్కి తిరిగి చూశాడు. ఏడాదిగా ఆమెను “ఎవలు నువ్వు?” అని అడుగుతున్న మనిషి.

“లోపటికి పో లచ్చీ. ఫికర్ జెయ్యకు. నేనున్న గద.”

లచ్చవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. చెయ్యి పట్టి చూస్తే చెమట పట్టి ఒళ్ళు చల్లబడింది. గండం గడిచింది. నాకూ కళ్ళు నిండాయి.

అప్పటినుంచి మతి తప్పినవారున్న ఏ ఇంటికి వెళ్ళినా, వారిని కనిపెట్టుకుని ఉన్న మనిషి నాడినే ముందు చూస్తాను.