పుట్టుకతోనా, నడమనా?

బెంగళూరు సిటీ బస్సులో తెలుగు ఎవరికీ అర్థం కాదనుకుని నాన్న గొంతు తగ్గించలేదు. నేను బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగంలో చేరిన కొత్త. నా మనసు మగవాళ్ల మీదికే పోతుందని ముందురోజు ఫోనులో చెప్పాను. తెల్లారేసరికి అనంతపురం నుంచి వచ్చి, నన్ను డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాడు. పారిపోతానేమోనని మణికట్టు పట్టుకునే ఉన్నాడు.

“పుట్టుకతో వచ్చిందంటే దేవుని రాత అనుకుంటా. నడమ వచ్చిందంటే మాత్రం నువ్వు నా కొడుకువే కాదు. ఏదో డాక్టరే తేల్చల్ల.”

ఆడవాళ్ల సీట్లలో, సరిగ్గా మా ముందున్న పెద్దావిడ వెనక్కి తిరిగింది. ఒళ్లో బైబిలుంది.

“నేను పుట్టుకతో క్రిస్టియన్ని కాదప్పా. పెండ్లయినాక, నా ఇష్టంతోనే చర్చికి పోయినా. నడమ వచ్చిందని నా ప్రార్థన తప్పా?”

నాన్న మొహం ఎర్రబడింది. “అది వేరే, ఇది వేరే.”

“వేరేనే. యాడినుంచి వచ్చిందని కాదు, ఈ పిల్లోడు ఎవురికి అన్యాయం చేసినాడో అది అడుగు డాక్టర్ని.”

ఆమె తర్వాతి స్టాపులో దిగిపోయింది. నాన్న పట్టు ఇంకా బిగిసింది.

“ఆస్పత్రె, ఆస్పత్రె” అని కండక్టరు కన్నడలో అరిచాడు. మేం దిగాల్సిన స్టాపు అదే. నాన్న నా చెయ్యి వదల్లేదు, లేవనూ లేదు. బస్సు కదిలింది.