నెత్తిమీది కరెంటు

మొన్న కొడకండ్లల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, ఇనుండ్రి. నవ్వుతె నవ్వుండ్రి గని చాయ్ ఒలకబోసుకోకుండ్రి.

నేను జనగామ కాలేజీల ఫిజిక్స్ చెప్తనని మీకెరుకే. కొడకండ్ల హైస్కూల్ల సైన్స్ మీటింగు వెట్టి నన్ను పిలిచిన్రు. చీఫ్ గెస్టు పంచాయతి సమితి ప్రెసిడెంటు. ముంగట పిల్లలు తక్వ, రైతులు ఎక్వ. మోటర్లకు కరెంటు లేక పొలాలు ఎండుతున్నయి, పనిలేక వచ్చి కూసున్నరు.

నేను మస్తు జోష్ మీదున్న! "భూమి అంటె పెద్ద అయస్కాంతం. దాని పట్టుల చిక్కి ఎలక్ట్రాన్లు మన నెత్తిమీద, వేల మైళ్ల ఎత్తున, గిర్రగిర్ర తిరుగుతుంటయి. ఉపగ్రహం వాటి నడుమకెల్లి పోయి ఎన్నున్నయో, ఎంత జోరుమీదున్నయో కొలుస్తది. జోరు ఎక్వైతె ఉపగ్రహంల మిషన్లే కరాబైతయి!"

ఒక్కడు చప్పట్లు కొట్టలె. అందరియి నిద్రమొఖాలు. సమజ్ చేద్దామని ఒక్క ముక్క కలిపిన: "ఎలక్ట్రాన్లంటె ఏందో కాదు, మన కరెంటు తీగల్ల ఉరికేటియి గవే!"

గంతే! ప్రెసిడెంటు మైకు గుంజుకున్నడు.

"ఇన్నరా! నెత్తిమీద గింత కరెంటు వెట్టుకొని మనకిస్తలేరు! గీ సార్‌తోని కిందికి దించిపిస్త. నాది హామీ!"

చప్పట్లే చప్పట్లు. నా మెడల దండ. కాదని చెప్పాలె గదా? చెప్పలె. దండం వెట్టి కూసున్న.

తెల్లారి లేస్తె జనగామల మా ఇంటి ముంగట జనం! అందరికన్న ముందు సాయవ్వ అని ఒక ముసలామె.

"సారూ, ముందుగాల మా బాయికాడ దించు. నాటేసిన మడి నెర్రెలువారుతుంది."

"అవి దిగయి అవ్వా. భూమి పట్టుకున్నది."

"పట్టుకుంటె ఇడిపియ్యరాదూ? గింత సదువుకున్నవు!"

లోపట్నించి నా భార్య: "దండేసుకున్నప్పుడు తెల్వదా?"

ప్రెసిడెంటు కాడికి ఉరికిన. "మీరన్న చెప్పుండ్రి, గది అయ్యేది కాదని!"

ఆయన నవ్విండు. "ఎలక్షన్ల దాక గట్లనే ఉండనియ్యి సారూ. అయ్యేదే చెప్తె ఓట్లెవడేస్తడు?"

ఇగ దిక్కులేక జనాన్ని ఎంటవెట్టుకొని కరెంటాఫీసుకు పోయిన. అక్కడ తెలిసింది అసలు ముచ్చట. కొడకండ్ల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. కొత్తది వచ్చి స్టోర్ల పడున్నదట. బిగిచ్చేందుకు ప్రెసిడెంటు కొబ్బరికాయ కొట్టాల్నట, ఆయనకు తీరుతలేదట! రైతులంత దర్వాజకు అడ్డం కూసున్నరు, నేను గూడ కూసున్న. కొబ్బరికాయ లేకుండనే బిగిచ్చిన్రు.

మోటర్లు నడిసినయి. ప్రెసిడెంటు మళ్ల మీటింగు వెట్టిండు. "చెప్పిన్నా లేదా? దించిపిచ్చిన!" జనం జై కొట్టిన్రు. ఆఫీసు ముంగట నాతోని ఎండల కూసున్నోళ్లు గూడ కొట్టిన్రు!

మీటింగు అయినంక సాయవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "సారూ, పైన ఇంక ఉన్నదా?"

"మస్తున్నది అవ్వా."

"అయితె జర నిమ్మలంగ దించు నాయినా. అంత ఒక్కపారి దించితె నా మోటర్ కాలుతది."

ఎమ్మెస్సీ ఫిజిక్స్ సదివినోణ్ణి, ఏమన్ననో ఎరుకేనా?

"గట్లనే అవ్వా, కొంచెం కొంచెం దించుత."