గ్రేసమ్మ పట్టిన గరిటె

మా గ్రేసమ్మ పెద్దమ్మకు నోరెక్కువ అని నారాయణఖేడ్‌లో అందరూ అంటారు. అనేవాళ్లలో సగం మంది ఆ నోటికి జవాబు చెప్పలేక తప్పుకున్నవాళ్లే. మా పెదనాన్న హనోకు పోయాక, మనూరు తోవలో ఉన్న చెలకను ఆమే నాగలి కట్టి దున్నింది. పత్తి వేసింది, కంది వేసింది, కొడుకు తిమోతిని పదో తరగతి దాకా చదివించింది. ఇన్ని చేసిన మనిషికి నోరుండడం తప్పా?

నాది కుట్టు దుకాణం. నా ఎదురుగానే మాణిక్యప్ప ఎరువుల దుకాణం. ఆ మనిషిని రోజూ చూడాల్సి రావడం నా ఖర్మ. నుదుట విభూతి, వేళ్లకు ఉంగరాలు, నోటి నిండా ధర్మం. యూరియా దొరకని రోజుల్లో రైతులు ఎండలో లైన్ కడితే, వాడు ఫ్యాన్ కింద కూర్చుని ఓర్పు గురించి బోధ చేసేవాడు.

2011లో వాడు దుకాణానికి కంప్యూటర్ తెచ్చాడు. అప్పటి నుంచి బిల్లు కింద ఒక కొత్త వరుస రావడం మొదలైంది: అన్నదానం, పది రూపాయలు. ఎవరినీ అడిగింది లేదు, చెప్పింది లేదు. అందరూ చూశారు, అందరూ కట్టారు. మా పెద్దమ్మకు చదువు రాదు కానీ లెక్క వచ్చు. బిల్లు పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఏంది సేటు, గీ పది రూపాలు దేనికి?"

"అన్నదానానికి. మా బాపు పేరు మీద ఏటా పెడ్తున్న గదా. అందరికి పడ్తది."

"అడిగితే ఇస్తుంటి. అడుగకుండ గుంజుకుంటే గది దానమెట్లయితది?"

"కంప్యూటర్ల పడ్డది గ్రేసవ్వా, తీస్తే రాదు. పుణ్యం నీకే గదా."

వెనక లైన్‌లో ఉన్నవాళ్లు మాణిక్యప్పను ఒక్క మాట అనలేదు. "పది రూపాలకు గింత లొల్లా, జల్దీ కట్టవ్వా" అని ఆమె మీదే అరిచారు. వాళ్ల పది రూపాయలు కూడా పోతున్నాయన్న సోయి ఒక్కడికీ లేదు. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆమె కట్టి, నేరుగా నా దుకాణంలోకి వచ్చి కూర్చుంది.

"మత్తయీ, గుంజుకున్నడనుకో. అయినా నేను అన్నం పెట్టినట్టేనారా?"

"పైసలు నీవే గదా పెద్దమ్మా. పెట్టినట్టే."

ఆమె ముఖం ఒక్కసారిగా తేటపడింది. ఎందుకో నాకు తెలుసు. చిన్నప్పుడు మిషన్ బడిలో గంజి కోసం పళ్లెం పట్టుకుని నిలబడింది. కరువు ఏడు వస్తే సర్కారు జొన్నల కోసం నిలబడింది. ఎవరో తొడిగి విడిచిన స్వెట్టర్లు పంచితే అక్కడా నిలబడింది. ఊళ్లో ఎక్కడ ఏది పంచినా మా వాడ వాళ్లం తీసుకునే వైపే ఉండాలి. ఒక్కసారైనా పెట్టే వైపు నిలబడాలని ఆమెకు ఉండేది.

ఆ తర్వాత బిల్లు మీద ఆమె గొడవ పడలేదు. "ఈసారి అన్నదానంల నాది గూడ ఉన్నది" అని మా వాడలో అందరికీ చెప్పుకుంది. తిమోతి నవ్వితే తిట్టిపోసింది.

మరుసటి ఏడు మాణిక్యప్ప తండ్రి వర్ధంతి వచ్చింది. దుకాణం పక్క ఖాళీ జాగాలో షామియానా వేశారు. గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ: తండ్రి ఫొటో, కింద కొడుకు ఫొటో, దాతగా కొడుకు ఒక్కడి పేరు. పెద్దమనుషులంతా మొదటి బంతిలో విస్తళ్ల ముందు కూర్చున్నారు. మా వాడ వాళ్లను "రెండో బంతికి పిలుస్తం" అని బయట నిలబెట్టారు. మాణిక్యప్ప మైకు అందుకున్నాడు.

"ఈ అన్నం నాది కాదు! నా దుకాణంల బిల్లు కట్టిన ప్రతి ఒక్కరు దాతే. దాతలు ముందటికొచ్చి తమ చేతులతోని వడ్డించుండ్రి!"

చప్పట్లు మోగాయి. ఇలాంటి మాటలు ఎవరూ రారన్న ధీమాతోనే అంటారు. కానీ మా పెద్దమ్మ వచ్చింది. చేతులు కడుక్కుని, కొంగు నడుముకు దోపి, వంటాయన చేతిలోంచి గరిటె తీసుకుంది. మొదటి విస్తరిలో అన్నం వేసింది.

ఆ విస్తరి జగన్నాథ్ సారుది. అంతకుముందే రెండో లడ్డూ అడిగి వేయించుకున్న సారుకు అప్పుడే చక్కెర జబ్బు గుర్తొచ్చింది. "నేను అన్నం బంద్ చేసిన" అంటూ లేచాడు. పక్కాయనకు ఉపవాసం గుర్తొచ్చింది. ఆ పక్కాయనకు బస్సు గుర్తొచ్చింది. కులం మాట ఒక్కరి నోటా రాలేదు, ఎంత మర్యాదస్తులు! చూస్తుండగానే బంతి మొత్తం ఖాళీ అయింది.

మాణిక్యప్ప మైకు కింద పెట్టి వంటవాళ్లను కేకేశాడు. "అన్నం పలుకుగున్నది, ఎత్తుండ్రి."

పెద్దమ్మ అన్నం వండిన గుండిగ అంచు పట్టుకుంది. "మంచిగ ఉడికింది. నా పైసలు అరిగినయ్ సేటు, నా చేతి అన్నం అరగదా?"

"లొల్లి చెయ్యకు. ఆఖరికి నీకు మూట కట్టిస్త, ఇంటికి తీస్కపో."

"తినేటందుకు రాలే. పెట్టేటందుకొచ్చిన."

ఇద్దరు మనుషులు ఆమె చేతిని పక్కకు తోసి గుండిగ ఎత్తుకుపోయారు. బస్టాండు వెనక గుంతలో ఆ అన్నమంతా గుమ్మరించారు. మళ్లీ ఎసరు పెట్టారు. చక్కెర జబ్బు సారు, ఉపవాసం ఆయన, బస్సు దొరకని ఆయన, అందరూ మళ్లీ వచ్చి కూర్చుని తిన్నారు. మా వాడలో ఒక్కరు కూడా రెండో బంతికి ఆగలేదు.

వారం తిరక్కముందే తిమోతి యూరియా తెచ్చాడు. బిల్లు కింద అన్నదానం వరుస అలాగే ఉంది. పెద్దమ్మ ఆ బిల్లు పట్టుకుని దుకాణానికి పోయింది. వెనకే నేనూ పోయాను.

"నా చెయ్యి తగిలిందని గుండిగెడు అన్నం పారబోసినవ్" అంది. కొంగు ముడి విప్పి ఒక పది నోటు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది గూడ నా చేతిదే. పారెయ్యి, నేను చూస్త."

దుకాణంలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. మాణిక్యప్ప ఆమె ముఖం వైపు చూడలేదు. నోటు తీసుకుని, మడత విప్పి, బొటనవేలితో సాపు చేసి, గల్లాలో వేసుకున్నాడు.