ఆ ఇంటి వాతలు

మా ఊరి పొలాలు సోలార్ పార్కు కిందికి పోయాక చాలా ఇళ్ళలో పడుచువాళ్ళు బెంగళూరు దారి పట్టారు. పిల్లలు అవ్వల దగ్గర మిగిలారు. అంగన్‌వాడీ టీచరుగా నాకు తల్లులకంటే ఆ అవ్వలతోనే పని ఎక్కువైంది.

వాళ్ళలో ఒకామె మా వీధి చివర ఉంటుంది. నాకంటే పదేళ్ళు పెద్ద, అక్కా అని పిలుస్తాను. కూతురు బెంగళూరులో గార్మెంట్స్‌కు పోతుంది, అల్లుడు అక్కడే ఆటో తోలుతాడు. వాళ్ళ నాలుగేళ్ళ పాప అక్క దగ్గర పెరిగింది. ఒకరోజు మధ్యాహ్నం ఆ పాప గుడ్డు తినకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఎందుకు తినలేదని అడిగాను.

"మళ్ళీ పక్క తడిపితే అవ్వ వాత పెడతాదంట మిస్సు" అంది.

పిల్లలు ఇళ్ళకు పోయాక అక్క దగ్గరికి వెళ్ళాను. వసారాలో చెనక్కాయలు ఒలుస్తూ ఉంది. నేను నోరు తెరవకముందే ఎందుకు వచ్చానో కనిపెట్టింది.

"దినామూ తడుపుతాది టీచరమ్మా. బొంతలు ఉతికి ఉతికి నా రెక్కలు పడిపోయినాయి. ఒక్క వాత పెడితే భయానికి మానుకుంటాది" అంది. చీర కొంచెం పైకి లాగి పిక్క మీద మచ్చ చూపించింది. "మా యమ్మ పెట్టింది. మేకలు పక్కోళ్ళ చేన్లో పడినాయని. నా బిడ్డకు నేను పెట్టినా. సచ్చిపోతిమా ఏమన్నా?"

అంతకు కొన్నాళ్ళ ముందే పావగడలో మాకు ట్రైనింగ్ ఇచ్చారు. పిల్లల్ని పెంచేవాళ్ళతో ఎలా మాట్లాడాలి, కొట్టకుండా ఎలా దారికి తేవాలి అని. ఫ్యాను కింద సగం నిద్రపోతూ విన్నాను. అక్కడ చెప్పిన పెద్ద మాటలు ఒక్కటీ ఆ వసారాలో నా నోటికి రాలేదు. నేనూ ఒక గుప్పెడు చెనక్కాయలు తీసుకుని ఒలుస్తూ, "చాన్నాళ్ళు నొప్పి ఉండెనా అక్కా?" అని అడిగాను.

ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. తర్వాత మెల్లగా చెప్పింది. అది వానల కాలమట. పుండు చీము పట్టిందట. ఈగలు ముసురుతుంటే కాలికి గుడ్డ చుట్టుకుని మేకల వెంబడి పోయేదట. "మా యమ్మ మళ్ళీ దాన్ని చూడను గూడా చూడలేదు" అంది. ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. కళ్ళలో నీళ్ళు లేవు.

లేచేటప్పుడు నాకు తెలిసినంత చెప్పాను. పొద్దు గూకినాక నీళ్ళు, మజ్జిగ తగ్గించమన్నాను. పడుకునే ముందు బయటికి తీసుకుపొమ్మన్నాను. తడిపినా ఏమీ అనొద్దన్నాను.

"అనకుండా ఎట్లుండేది?"

"అనాలనిపిస్తే నాకు ఫోన్ చేయక్కా. నన్ను తిట్టు."

నిజంగానే చేసింది. పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఫోన్ మోగేది. "తడిపింది" అని పెట్టేసేది. మా ఆయన నవ్వి, "ఊర్లో పక్కలన్నీ నీకే చెప్పల్లనా?" అనేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. పిల్లల తూకాలు, ఎత్తులు ఫోన్లో ఎక్కించాలి, అది ఎక్కదు. మోకాళ్ళ నొప్పులు. వీటి మధ్య వారం వారం ఆ ఇంటికి పోయేదాన్ని. కొన్ని వారాలు ఆమె మాట్లాడేదే కాదు. ఒకసారి నా ఎదురుగానే పాప వీపు మీద ఒకటేసింది. ఆ రోజు ఇంటికి తిరిగి వస్తూ, ఇంక పోకూడదు అనుకున్నాను. మళ్ళీ వారం పోయాను. మెల్లగా పొద్దుటి ఫోన్లు తగ్గాయి. పాప గుడ్డు తినడం మొదలుపెట్టింది.

ఎండాకాలంలో కూతురు సెలవు పెట్టి వచ్చింది. ఏ బెదురో ఏమో, తల్లి పక్కన పడుకున్న పాప మళ్ళీ పక్క తడిపింది. తెల్లవారాక కూతురు గంటె తీసుకుని పొయ్యిలో పెట్టింది. అక్క పాపను చంకనేసుకుని, చెప్పులు కూడా లేకుండా మా ఇంటికి వచ్చేసింది. వెనకే కూతురు వచ్చింది.

"ఎందుకెత్తుకొచ్చినావు?" అని తల్లిని అడిగింది. గొంతు పెంచలేదు. "నాకు పెట్టినప్పుడు యాడికి పోయింది ఈ జాలి?"

అక్క మెట్టు మీద కూలబడింది. "అప్పుడు నాకు తెల్దు" అంది.

"తెల్దంట" అని కూతురు నా వైపు తిరిగింది. "నేను ఏడ్చి ఏడ్చి పండుకుంటే బొంత గూడా కప్పలేదు మేడమ్. దీనికైతే బుజ్జగింపులు."

అక్కకు పాపను తీసుకుని లోపలికి పొమ్మని సైగ చేశాను. ఈ కూతురి కోపం నా లెక్కలోనే లేదు. తల్లి మారితే బిడ్డ సంతోషిస్తుందనే అనుకున్నాను. తనకు దక్కనిది తన బిడ్డకు దక్కుతుంటే చూడటం ఎంత కష్టమో నాకు తట్టలేదు. ఆ రోజు అంగన్‌వాడీ ఆలస్యంగా తెరిచాను. ఆమె చెప్పింది, నేను విన్నాను. గార్మెంట్స్‌లో సూపర్‌వైజర్ అరుపులు, ఒకటే గది, నెలకొకసారి వస్తే బిడ్డ తన దగ్గరికి రాకపోవడం. "నేనెవరో గూడా దానికి తెల్దు. భయపెడితేనన్నా నా మాట ఇంటాదేమో అనుకున్యా" అంది. నేను కొత్తగా చెప్పిందేమీ లేదు. వాళ్ళమ్మకు చెప్పిన మాటలే మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. చెప్తుంటే నాకే విసుగనిపించింది.

తర్వాతి ఏడు బడికి వేసే వయసొచ్చిందని కూతురు పాపను బెంగళూరు తీసుకుపోయింది. తల్లీకూతుళ్ళ మధ్య మాటలు ఇప్పటికీ అంతంతమాత్రమే. "మా యమ్మ బీపీ మాత్రలు మింగుతాందా మేడమ్?" అని ఫోన్ చేసి నన్ను అడుగుతుంది. ఒకసారి అక్కతో, "ఒక మాట తప్పైందని అను అక్కా" అన్నాను. "నోరు రాదు టీచరమ్మా" అంది. నేను మళ్ళీ అడగలేదు.

మొన్న అక్క కూతురు ఫోన్ చేసింది. పాప గాజు గ్లాసు పగలగొట్టి, అడక్కముందే తానే వచ్చి చెప్పిందట.

"ఆ వయసులో నేనైతే గుడ్డలో చుట్టి దిబ్బలో పారేసేదాన్ని మేడమ్. మా యమ్మకు ఎప్పుడూ చెప్పలేదు."

"నువ్వేమన్నావు?"

"గాజుపెంకులు ఏరుతా ఉన్నా. జరుగు, కాలికి గుచ్చుకుంటాది అన్నా. అంతే."

ఫోన్ పెట్టేశాను. పై వీధిలో ఒక తాత మనవణ్ణి మంచానికి కట్టేసి పనికి పోతున్నాడని ఆ వారమే తెలిసింది. ఎండ తగ్గాక అక్కడికి పోవాలి. లేవబుద్ధి కాలేదు. కాసేపటికి లేచాను.